చింపిన చివరి కాగితం

హేమసుందరి నవల చివర్లో ఏమవుతుందో తెలుసుకోవడానికి బుర్ర బద్దలు కొట్టుకోనక్కర్లేదు. కోపిష్టి మొగుడొకడు ఉంటాడు. చెయ్యి చేసుకుంటాడు. ఆమె కొన్నాళ్లు ఓర్చుకుని పుట్టింటికి పోతుంది. ఆఖరి పేజీలో వాన కురుస్తుంది, ఆ వానలో వాడు తడిసి ముద్దయి వచ్చి ఆమె కాళ్ల మీద పడతాడు. ముప్పై నవలలు రాసింది మహాతల్లి, ముప్పైలోనూ అదే వాన! అయినా కొత్తది వస్తే గుంటూరు బస్టాండులో రెండో రోజుకి దొరకదు.

ప్రత్తిపాడు అవతల, కోల్డ్ స్టోరేజీ పక్కనున్న రేకుల షెడ్డులో మిరపకాయల ముచ్చికలు, అంటే తొడిమలు, తీసే ఆడవాళ్లకి ఆ నవలలన్నీ చదివి వినిపించింది ప్రేమమ్మే. పదో తరగతి పాసైన మనిషి, చర్చిలో వాక్యం చదివి చదివి సానబట్టిన గొంతు. ఆ షెడ్డులో ఒక కట్టుబాటుంది. కూలి తూకాన్ని బట్టి ఇస్తారు, చేతిలో పుస్తకం ఉన్న మనిషికి కాయ ముట్టుకోవడం కుదరదు. అందుకని అధ్యాయం అయిపోగానే వినేవాళ్లు తలా ఒక దోసెడు, ముచ్చిక తీసిన కాయలు ఆమె గంపలో పోస్తారు. ఎనిమిదేళ్లలో ఆ దోసెళ్లు ఒక్కరోజు కూడా తప్పలేదు.

ఈ వేసవిలో తగువు తెచ్చింది ప్రేమమ్మ కూతురు స్తుతి. డిగ్రీ చదువుతోంది, సెలవులని తల్లితో పాటు షెడ్డుకి వచ్చింది.

"ఈవిడ నవల ఒకటి చదివితే చాలు, మిగతా ఇరవై తొమ్మిదీ చదివినట్టే. పేర్లు మారుస్తుంది, అంతే," అంది.

"నీ మొహం!" అని అందుకుంది హనుమాయమ్మ. అరవై దాటినా షెడ్డు మొత్తానికి వినిపించే గొంతు ఆమెది. "తెలిసిన కథ కాబట్టే చెవులప్పగించి వింటన్నా. రేపు పని ఉంటదో లేదో తెలవదు. కల్లంలో కాయ ఎండేలోపు వాన పడుద్దో లేదో తెలవదు. ఇదొక్కటన్నా తెలిసినట్టు జరగనీవే!"

షెడ్డు రెండు ముక్కలైంది. సగం మంది స్తుతి వైపు, సగం మంది హనుమాయమ్మ వైపు. ఎటూ మాట్లాడనిది మాధురి ఒక్కతే. మొగుడు కోటేష్ తన చెయ్యి విరగ్గొడితే ఆరు నెలల కిందట పుట్టింటికి వచ్చేసింది. పెళ్లికి ముందు కూడా తల్లి పక్కన కూర్చుని ఈ నవలలే వినేది.

బుధవారం సాయంత్రం ఇంటికి పోతూ మాధురి ప్రేమమ్మ పక్కకి చేరింది.

"అక్కా, ఆయన ఫోన్ చేశాడు. మారిపోయాడంట. శనివారం పొన్నూరు బస్టాండుకి రమ్మన్నాడు. ఈ నవల అయిపోయాక చెబుతానన్నా."

నవ్వుతూనే అంది. నడుస్తున్నదల్లా ఆగిపోయింది ప్రేమమ్మ. ఆమె మొగుడు మరియదాసు పదహారేళ్లు కొట్టి, మారకుండానే చచ్చిపోయాడు. ఆ తర్వాతే ఆమె ఈ ఊరొచ్చింది. ఎవరడిగినా మంచోడనే చెప్పింది. ఇన్నేళ్లుగా ఈ పిల్ల చెవిలో ఆ వానంతా కురిపించింది తనే గదా అని రాత్రంతా కుమిలిపోయింది.

గురువారం ఆఖరి అధ్యాయం. పుస్తకం మీదే చూపు నిలిపి, అందులో లేనిది చదివింది ప్రేమమ్మ. "అతను తలుపు కొట్టాడు. ఆమె తియ్యలేదు. ఇక తియ్యనని లోపలి నుంచే చెప్పింది. అతను వెళ్లిపోయాడు."

పుస్తకం మూసేసింది. షెడ్డులో చేతులన్నీ ఆగిపోయాయి.

"ఏందే అది? హేమసుందరి అట్టా రాయదు!" అని అరిచింది హనుమాయమ్మ. "వాన ఏదీ? వాడు కాళ్ల మీద పడేది ఏదీ?"

కొత్తదనం కావాలని గోల చేసిన స్తుతి కూడా తల్లి వైపు అనుమానంగా చూసింది. "అమ్మా, ఇది ఆవిడ రాసింది కాదు," అంది. ఎప్పుడూ ఒకేలా రాసే మనిషి పేరు చెప్పి అబద్ధమాడితే ఇట్టే దొరికిపోతారని ప్రేమమ్మకి తోచనేలేదు.

ఆ రోజు ఆమె గంపలో ఎవరూ కాయ పొయ్యలేదు. మాధురి మాత్రం లేచి వచ్చి రెండు దోసెళ్లు పోసింది.

"ఆ పుస్తకం ఒకసారి ఇయ్యక్కా. కూడబలుక్కుని చదువుకుంటా."

"రేపు ఇస్తాలే," అంది ప్రేమమ్మ. ఇంటికెళ్లి చివరి కాగితం చింపి పొయ్యిలో పడేసి, మర్నాడు పుస్తకం తెచ్చి ఇచ్చింది.

శనివారం మాధురి కూర్చునే గోనెపట్టా ఖాళీగా ఉంది. పదకొండింటికి ప్రేమమ్మ ఫోన్ మోగింది.

"అక్కా, పొన్నూరు బస్టాండులో ఉన్నా. చివరి కాగితం లేదు. నువ్వే చించావు కదా?"

ప్రేమమ్మ చేతిలో కాయ గంపలో పడేసి లేచి నిలబడింది.

"ఆవిడ నిజంగా ఏం రాసిందో చెప్పక్కా. ఒట్టు."

ఇంకో అబద్ధం నోటికి రాలేదు. "వాడు వచ్చాడమ్మా. వానలో వచ్చాడు, మారిపోయాడు. అది పుస్తకం, తల్లీ! మా ఆయన మారలేదు. పదహారేళ్లు తన్నులు తిన్నా. నీకు దణ్ణం పెడతా, వెనక్కి వచ్చెయ్!"

షెడ్డులో అందరూ విన్నారు.

"పుస్తకంలో మాత్రం వచ్చాడు కదక్కా," అంది మాధురి. ఫోన్ పెట్టేసింది.

మొదట లేచింది హనుమాయమ్మ. ఒళ్లోని కాయలు నేల మీద దులిపేసి, బయట రోడ్డు మీదున్న బాలస్వామి ఆటోని కేకేసి పిలిచింది. ప్రేమమ్మని రెక్క పట్టుకుని ఎక్కించింది. దారి పొడుగునా ఫోన్ చేస్తూనే ఉన్నారు, మాధురి ఎత్తలేదు.

పొన్నూరు బస్టాండులో టీకొట్టు పక్క బల్ల మీద పుస్తకం ఒక్కటే ఉంది.

"ఆ అమ్మాయా? అరగంటయింది," అన్నాడు టీకొట్టతను. "ఒకాయన బండి మీద వచ్చాడండి. ఎంతో ప్రేమగా మాట్లాడాడు, కూల్‌డ్రింక్ కూడా కొనిచ్చాడు. ఆ సంబరంలో పుస్తకం మర్చిపోయినట్టుంది."

ప్రేమమ్మ ఆ బల్ల మీదే కూలబడింది. "నేనే పంపించా అత్తా. ఎనిమిదేళ్లు చదివి చదివి నేనే పంపించా."

హనుమాయమ్మ కళ్లు కూడా నిండాయి. ఆమె ఆ పుస్తకాన్ని ముట్టుకోలేదు.

"ఎట్టా అయిపోద్దో తెలుసు తెలుసు అని ఎగిరా. వాడు పెళ్లాన్ని ఇంటికి తెచ్చుకున్న మర్నాడు ఏం జరుగుద్దో ఆవిడా రాయలేదు, నేనూ అడగలేదు," అంది. కొంగుతో మొహం తుడుచుకుంది. "కోటేష్ ఇల్లు నీకు తెలుసా?"

"తెలుసు."

"అయితే లెగు. ఆ పిల్ల రానంటే రేపు మళ్లీ వద్దాం. ఎల్లుండీ వద్దాం. వాకిట్లో మనుషులున్నారని వాడికి తెలవాలిగా."

ఇద్దరూ ఆటో ఎక్కారు. ఎటు పోవాలో ప్రేమమ్మ చెబుతోంది.