గెడ్డ దగ్గర ఆగని బండి

పోలినాయుడు డ్రైవరు సీట్లో కూర్చుని ఎడమ కాలితో క్లచ్ కోసం వెతుకుతున్నాడు. కాలు అటు జరుపుతాడు, ఇటు జరుపుతాడు, ఏమీ తగలదు. తలుపు పట్టుకుని బయట నిలబడ్డ కూతురు నూకరత్నానికి నవ్వొస్తోంది, ఆపుకోవాలని కూడా లేదు. పోయిన వానల్లో చనిపోయిన మనిషి ఇలా వచ్చి తన జీపులో కూర్చోవడం ఆమెకు వింతగా లేదు. ఇన్నాళ్ళూ రాకపోవడమే వింతగా ఉంది.

"ఏటే గుంటా, క్లచ్చి ఎవుడు ఇప్పుకుపోనాడు?"

"ఈ బండికి క్లచ్చి ఉండదు నాన్నా. గేర్లు అదే మార్చుకుంటాది. నువ్వు బతికున్నప్పుడే సెప్పేను."

"బతికున్నోడికి సవాలక్ష పనులు. ఇనలేదు."

"అయితే ఇప్పుడు పక్కకి జరుగు."

ఘాటు రోడ్డు మీద జీపు తోలినన్నాళ్ళూ ఎవరి పక్కనా కూర్చుని ఎరగని పోలినాయుడు గొణుక్కుంటూనే జరుగుతాడు. చిన్నప్పటి జ్వరానికి సన్నబడిపోయిన ఎడమ కాలిని చేత్తో ఎత్తి లోపల పెట్టుకుని నూకరత్నం స్టీరింగు ముందు సర్దుకుంటుంది. ఆ కాలి కోసమే ఆమె విశాఖపట్నం దాకా వెళ్ళి ఈ క్లచ్ లేని పాత జీపు కొని తెచ్చింది. తెచ్చిన రోజు ఆయన దాని చుట్టూ ఒకసారి తిరిగి, ఏమీ అనకుండా ఇంట్లోకి వెళ్ళిపోయి, చనిపోయేదాకా అందులో కాలు పెట్టలేదు.

జీపు స్టాండులోంచి కదిలిందో, స్టాండే వెనక్కి జరిగిపోయిందో తెలియదు గానీ, చూస్తుండగానే రెండు పక్కలా కాఫీ తోటలు, మంచు, ఒకదాని మీద ఒకటి పేర్చినట్టున్న మలుపులు. బానెట్టు ఎప్పుడు అద్దంలా అయిపోయిందో, దానిలోంచి ఇంజను మొత్తం కనిపిస్తోంది.

"ఆ ముందున్న జల్లెడేటి?" అంటాడు పోలినాయుడు.

"కూలరు. ఘాటెక్కేటప్పుడు గేర్‌బాక్సులో ఆయిలు కాగిపోతాది. దాన్ని పైపుల్లోంచి బయటికి తెచ్చి, ఆ జల్లెడలో తిప్పి, సల్లబడ్డాక మళ్ళీ లోపలికి పంపుతాది."

"బండి సేసినోడు ఎట్టలేదా?"

"ఎట్టేడు, రేడియేటర్లో బుల్లిది. ఆడు మన కొండ సూసేడా? పదిమంది మనుసుల్నీ, ఆల్ల పసుపు బస్తాల్నీ సూసేడా?"

"ఎవుడు బిగించేడు?"

"నానే. మెకానిక్కు కింద బంపరుకాడ బిగిత్తానన్నాడు. రాయి తగిల్తే పోద్దని, రేడియేటరు ముందు వేలెడు సందు వొదిలి నానే బిగించేను."

"ఘాటులో బండి నడక మనిసి నడకే. గాలెక్కడ తగుల్తాది దానికి?"

"అందుకే దానికో ఫ్యాను ఎట్టేను."

ఆయన మంచులోకి చూస్తాడు. మంచులోంచి కొండవాగు నీళ్ళ చప్పుడు వినిపిస్తుంది.

"గెడ్డొచ్చింది. ఆపు."

కొండెక్కే ప్రతి జీపూ ఆ గెడ్డ దగ్గర ఆగుతుంది. డ్రైవరు బకెట్టుతో నీళ్ళు తెచ్చి రేడియేటరు మీద కుమ్మరిస్తాడు, బీడీ కాలుస్తాడు, జనం దిగి నడుములు సాగదీస్తారు. బండికి నీళ్ళు పట్టడం అంటారు దాన్ని. ఈ కూలరు పెట్టక ముందు, తండ్రి చేసినట్టే నూకరత్నం కూడా రెండుసార్లు ఆపి నీళ్ళు పట్టింది. రేడియేటరు చల్లబడింది గానీ లోపల కాగిన గేరు ఆయిలుకు ఆ నీళ్ళు తగలనైనా తగల్లేదు. మాడు వాసన వేసి, బండి కదలనని మొరాయించింది. జనం బస్తాలు నెత్తికెత్తుకుని నడిచి పోయారు. మగవాళ్ళు ఆగితే బండికి నీళ్ళు పట్టినట్టు, నూకరత్నం ఆగితే బండి చెడిపోయినట్టు. ఆనాటి నుంచి ఆమె జీపు ఎక్కేవాళ్ళు లేరు. ఇంకొక్కసారి గెడ్డ దగ్గర ఆగిందంటే పోలినాయుడి టర్ను, అంటే స్టాండులో ఆయన నుంచి ఆమెకు వచ్చిన వరస, తనకే వస్తుందని పెదనాన్న కొడుకు అప్పలకొండ అందరి ముందూ చెప్పాడు.

"ఆపమంటే ఆపవేటే?"

"ఆపను."

గెడ్డ వెనక్కి పోతుంది. మలుపు తిరిగేసరికి మళ్ళీ అదే గెడ్డ, అదే రాయి, రాయి మీద బోర్లించిన అదే బకెట్టు.

"మళ్ళీ వొచ్చింది సూడు. ఆపు."

"ఎన్నిసార్లొచ్చినా ఆపను. నాన్నా, ఒక మాటడుగుతాను. నీ టర్ను అప్పలకొండకి ఇచ్చీమని నువ్వే సెప్పేవంట. నిజమేనా?"



"సెప్పేను."

"ఎందుకు?"

"ఎందుకేటి. నీ కాలు సూసి. గెడ్డకాడ బండి ఆగిపోతే ఒక్కర్తివీ దిగి ఏటి సెయ్యగలవు?"

"ఆగితే గదా దిగడం."

"ఆగితే?"

"ఆగితే నా తిప్పలు నాయి. మాటిచ్చిన నోరు నీది, కాట్లో కాలిపోనాది. బండి నాది, ఇక్కడే ఉంది."

పోలినాయుడి మెడ నరాలు ఉబ్బుతాయి. బతికి ఉండగా అలా ఉబ్బితే ఇంట్లో కంచాలు ఎగిరేవి. "నాను దిగిపోతాను," అంటాడు.

"దిగాలంటే దిగు. బండి ఆగదు."

తలుపు మీద చెయ్యి వేస్తాడు. కింద రోడ్డు నీళ్ళలా పారుతోంది. చెయ్యి అక్కడే ఉంచి కాసేపు కూర్చుని, ఏదో గుర్తొచ్చినట్టు కాలి చెప్పు విడిచి, రెండు సీట్ల మధ్య గేర్‌బాక్సు మీద ఉబ్బెత్తుగా ఉన్న రేకుకు అరికాలు ఆనిస్తాడు. తన జీపు లోపల ఏం ఉడుకుతోందో ఆయన ఎప్పుడూ మీటరు చూసి తెలుసుకోలేదు, అరికాలితోనే తెలుసుకునేవాడు. నూకరత్నం రోడ్డు చూడడం మానేసి తండ్రి మొహం చూస్తుంది, చూసినా బండి దారి తప్పదు.

"కాలట్లేదు," అంటాడు చివరికి, ఫిర్యాదు చేస్తున్నట్టు.

"కాలదు."

"ఇందులో ఏదో మోసముంది."

అంటాడే గానీ కాలు తియ్యడు. ముందు మళ్ళీ నీళ్ళ చప్పుడు. గెడ్డ వస్తుంది, రాయి వస్తుంది, బకెట్టు వస్తుంది. ఈసారి ఆయన ఆపమనడు. గెడ్డ వాళ్ళిద్దరి పక్కనుంచీ జారిపోతుంటే బానెట్టు మీద ఎవరో దబదబా బాదుతున్నారు.

అప్పలకొండ. స్టాండులో మిట్టమధ్యాహ్నపు ఎండ. నూకరత్నం స్టీరింగు మీద నుంచి తల ఎత్తుతుంది.

"లెగు. టర్ను నీదే గానీ ఎక్కే జనమేరి? వొదిలీ, ఎనకాల బండి నాది."

అప్పుడు చూస్తుంది ఆమె. పక్క సీట్లో కొండమీది ముసలమ్మ ఒకత్తె, సంతలో కొన్న ఉప్పు మూట పట్టుకుని, ఎప్పుడెక్కిందో ఎక్కి కూర్చుని ఉంది.

"ఎక్కేరు సూడు అన్నా," అంటుంది నూకరత్నం.

"ఒక్క ముసిల్దానికి బండి తీత్తావా? పది మంది నిండకుండా ఎవుడైనా తీసేడా?"

"నాను తీత్తాను."

"గెడ్డకాడ సూత్తాం గదా."

"గెడ్డకాడ ఏటుంటాది సూడ్డానికి? సూత్తే పైన సూడు."

తాళం తిప్పగానే ఇంజను అందుకుంటుంది. రేడియేటరు ముందు కొత్త ఫ్యాను సన్నగా ఊళ వేస్తుంది.

"బేగి పోనీ తల్లీ, కొండమీద మబ్బట్టీసింది," అంటుంది ముసలమ్మ. చెప్పులు రెండూ విడిచి ఒళ్ళో పెట్టుకుని, గేర్‌బాక్సు రేకు మీద ఒక అరికాలు ఆనించుకుని కూర్చుంది.