జిప్పు సంచిలో జాకెట్టు

మనవరాలు పెంచుకునే బుల్లి గినీ పందులు రెండింటికీ పెద్దావిడంటే ప్రాణం. ఆవిడ అడుగుల చప్పుడు వింటే చాలు, ఇల్లెగిరిపోయేలా కీచుమంటాయి. వాటి బోనులో పరిచే మెత్తటి ఫ్లీస్ దుప్పట్లు దులిపే పని ఎవరికీ పట్టక, చివరికి ఆవిడ మెడకే చుట్టుకుంది. పెంటికలు ఎత్తి, గుడ్డకు అంటుకున్న గడ్డిపరకలూ వెంట్రుకలూ బ్రష్షుతో గీకి, జిప్పు సంచిలో కుక్కి వాషింగ్ మెషిన్ దగ్గర పెట్టడం ఆవిడ వంతు. వెంట్రుకలు పైపులో అడ్డుపడకుండా ఆ సంచి. ఉతికేదీ ఆరేసేదీ కోడలు.

"ఏమే, నాకూ ఓ బోను కట్టించరాదూ? నన్నూ ఇలాగే చూసుకుందువుగాని" అని మనవరాలిని ఆటపట్టించేది.

"నీకు కీచుమనడం వచ్చా నానమ్మా?"

కొన్నాళ్ళుగా ఆవిడకు మెడ దగ్గర, చంకల్లో ఒకటే దురద. జాకెట్టు కుట్లలో గడ్డిముక్కలు కనిపిస్తే, దులిపేది తనే కదా అని సరిపెట్టుకుంది.

ఆ రోజు మెషిన్ ఆగి కూత పెట్టేసరికి కోడలు ఫోన్లో ఆఫీసు మీటింగులో ఉంది. పోనీ సాయం చేద్దామని పెద్దావిడే తలుపు తీసి, సంచి బయటికి లాగి జిప్పు విప్పింది. పందుల దుప్పట్ల మధ్య ముద్దగా చుట్టుకుపోయి తన జాకెట్టు! దాని వెనకే తన లోపావడా, తువ్వాలు.

మీటింగు అయ్యేదాకా అక్కడే నిలబడింది.

"అమ్మాయ్, నా బట్టలు ఇందులో ఎందుకున్నాయి?"

కోడలు తడబడనైనా లేదు. "మీవి నాలుగే కదా అత్తయ్యా, వాటికోసం మళ్ళీ మెషిన్ వెయ్యాలా? అయినా వేడినీళ్ళు. క్రిములన్నీ చస్తాయి."

"మరి మీవి ఇందులో వెయ్యవేం?"

"మావి ఆఫీసు బట్టలండీ!"

సాయంత్రం కొడుక్కి చెప్పుకుంది. వాడు బూట్లు విప్పుతూ, తల ఎత్తకుండానే, "గోటితో పోయేదానికి గొడ్డలి తేకమ్మా. శుభ్రంగానే వస్తున్నాయిగా?" అన్నాడు.

మళ్ళీ దుప్పట్లు మార్చిన రోజు ఆవిడ సంచి అడుగున కొడుకు తెల్లచొక్కా పెట్టి, పైన దుప్పట్లు కుక్కింది.

ఆరేసేటప్పుడు కోడలు కేక పెట్టింది. చొక్కా నిండా గోధుమరంగు వెంట్రుకలు.

"ఛీ ఛీ! పందుల గుడ్డల్లో ఆయన చొక్కా వేస్తారా ఎవరైనా? మతుండే చేశారా?"

"వేడినీళ్ళేగా అమ్మాయ్. క్రిములన్నీ చచ్చే ఉంటాయి."

గుమ్మంలో కొడుకు అంతా విన్నాడు. చొక్కా అందుకుని, ఒక్కొక్క వెంట్రుకే ఏరుతూ నిలబడ్డాడు. పెద్దావిడ వాడి మొహంకేసే చూసింది. తప్పయిందమ్మా అని ఒక్కమాట అంటాడేమోనని. ఆ ఒక్కమాటతో అంతా మరిచిపోయేదే.

వాడు నేరుగా బజారుకెళ్ళి కొత్త బకెట్టు కొనుక్కొచ్చాడు. "ఇది అచ్చంగా నీదేనమ్మా. ఇక నీవి దేనిలోనూ కలవవు. గొడవే ఉండదు." కోడలు కొత్త సబ్బుబిళ్ళ తెచ్చి అందులో వేసింది. ఇద్దరూ ఎంతో పెద్దమనసు చేసుకున్నట్టే ఉన్నారు.

ఇప్పుడూ మెషిన్ రెండు విడతలే తిరుగుతోంది. ఒకటి మనుషుల బట్టలకు, ఒకటి పందుల దుప్పట్లకు. పెద్దావిడ బాత్రూములో పీట వేసుకుని, చన్నీళ్ళకు వేళ్ళు కొంకర్లు పోతుంటే, తనవి తను పిండుకుంటోంది.