మీటర్ చెప్పిన అబద్ధం

తప్పంతా మెకానిక్ చేతిదేనని ఇన్‌ఛార్జి తేల్చేశాడు. రేవు రేడియో స్టేషన్‌లో పోయిన వారం సెట్టు విప్పి బాగుచేసింది ఆమే. ఆ వారం నుంచే పది మైళ్లు దాటిన పడవలకు స్టేషన్ మాట అందడం లేదు. సాయంత్రంలోగా అందకపోతే రేపటి నుంచి ఆమె స్టోర్స్‌లో కూర్చోవాలట. పన్నెండేళ్లు ఒళ్లు హూనం చేసుకుని నేర్చిన పని! ఆమెకు కడుపు మండిపోయింది.

“ఒకసారి కేబుల్ చూద్దాం సార్.”

“అది స్వయానా నేను వేసిన కేబులమ్మా! మీటర్ చూడు. పంపిన పవర్‌లో పిసరంత కూడా వెనక్కి రావట్లేదు. అంతా యాంటెన్నాకి పోతున్నట్టేగా?”

మీటర్ మాటంటే ఆయనకు వేదవాక్కు. ముసలి కేబుల్ అంత బుద్ధిగా ఉండడమే ఆమెకు అనుమానం. నడుముకు బెల్టు బిగించి, స్టేషన్‌కున్న మూడు టవర్లలో ఈ సెట్టు టవరెక్కి, కేబుల్‌ను యాంటెన్నా నుంచి ఊడదీసి దిగివచ్చింది. పవర్ బాగా తగ్గించి, ఆయన ఎదుటే మీట నొక్కింది.

“ఇప్పుడు పైన ఏమీ లేదు సార్. పంపిందంతా వెనక్కి తన్నాలి. మీటర్ ఏమంటోంది?”

“ఏమీ రావట్లేదంటోంది,” అన్నాడాయన నీళ్లు నములుతూ.

“మరి పవరంతా ఎవరు మింగినట్టు?”

కేబుల్ తొక్క చీల్చింది. మెరవాల్సిన రాగి అల్లిక పచ్చగా చిలుమెక్కి పొడిపొడిగా రాలింది. పైన జాయింటుకు టేపును కింది నుంచి పైకి, ఇంటి పెంకుల్లా ఒకదానిపై ఒకటి వచ్చేలా చుట్టాలి. ఎవరో పై నుంచి కిందికి చుట్టారు. ఏళ్ల తరబడి ప్రతి మడతా నీళ్లు పట్టింది, పోయిన వారం వానలు మిగతా పని పూర్తిచేశాయి. ఎవరు చుట్టారని ఆమె అడగలేదు.

కొత్త కేబుల్ వేసి, టేపు తనే చుట్టి, నాలుగింటికి మైకు అందుకుంది. అప్పుడు సముద్రం మీదున్న పడవల్లో ఆమె మేనమామదీ ఒకటి.

“మావయ్యా, వినపడుతోందా?”

“వినపడ్డమేంటే, చెవులు చిల్లులు పడుతున్నాయి! ఇరవై మైళ్ల అవతలున్నామే తల్లీ!”

వెనకే మరో మూడు పడవలు పలికాయి. ఆమె ఆనందానికి పట్టపగ్గాల్లేవు. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

ఇన్‌ఛార్జి స్టోర్స్‌కు ఫోన్ చేశాడు. “మెకానిక్‌ని పంపడం లేదు. కేబుల్ చుట్టలు ఇంకో రెండు పంపు.” ఫోన్ పెట్టేసి ఆమె వైపు తిరిగాడు. “ఆ మిగతా రెండు టవర్ల మీదా టేపు నేనే చుట్టానమ్మా.”