నల్లా నీళ్ల సీసా

మూత తిప్పగానే హరిలాల్‌కి తెలిసిపోయింది. సీసాలోంచి రావాల్సింది ఫార్మలిన్ ఘాటు, కళ్లలో నీళ్లు తెప్పించే ఘాటు. వచ్చింది కుళ్లిన మాంసం కంపు.

సీసా మీద పేరు ఎర్రమ్మ. ములకలపల్లి అవతల అడవిలో ఊరు. రొమ్ములో గడ్డ. పాల్వంచలో సర్జన్ ఆ గడ్డలోంచి చిన్న ముక్క కోసి, ఖమ్మంలోని ఈ ల్యాబ్ ముందే పంపి ఉంచిన సీసాలో వేసి, మూత బిగించి ఆమె మొగుడి చేతిలో పెట్టాడు. ఆ మొగుడు దూలయ్య సీసాని తువ్వాలలో చుట్టుకుని బస్సెక్కి వచ్చాడు. వచ్చేసరికి ఆదివారం, ల్యాబ్ మూసి ఉంది. మెట్ల మీదే పడుకుని, తెల్లారి తలుపు తీయగానే అందించాడు. మే నెల ఎండలు.

ఫార్మలిన్‌లో పడిన ముక్క ఎండకి బెదరదు. గట్టిపడి, ఒంట్లో ఎలా ఉందో అలాగే నిలిచిపోతుంది. నీళ్లలో పడితే మాత్రం మురిగిపోతుంది.

ఇవి నీళ్లే. సీసాలు నింపేది హరిలాలే. వరసగా పెట్టి ముందు అన్నింట్లో నల్లా నీళ్లు పోస్తాడు, తర్వాత డబ్బాలోంచి ఫార్మలిన్ కొలిచి కలుపుతాడు. అంతకు ముందు వారం నీళ్లు పోయడం అయ్యేసరికి లోపల్నుంచి మేడమ్ స్లైడ్లు తెమ్మని కేకేసింది. పరుగెత్తాడు. తిరిగొచ్చి చూస్తే సీసాలు నిండుగా ఉన్నాయి, మూతలు బిగించేశాడు. నీళ్లూ ఫార్మలినూ చూపుకి ఒక్కటే. ఆ గదిలో గోడలు కూడా ఫార్మలిన్ వాసనే కొడతాయి కాబట్టి ముక్కుకీ తేడా తెలియలేదు. ఆ వరసలో పాల్వంచకి వెళ్లింది ఒక్కటే.

అలమారలో మిగిలినవి తీసి ఒక్కొక్కటీ వాసన చూశాడు. దేనికీ ఘాటు లేదు. అన్నీ సింకులో వంపేశాడు. వంపేటప్పుడు నల్లా కూడా తిప్పాడు, ఎవరైనా చూస్తే సీసాలు కడుగుతున్నాడనుకోవాలని. దొంగకి వచ్చే తెలివి అది.

అప్పుడే లోపలికి వెళ్లి చెప్పి ఉంటే ఈ కథ అక్కడితో ఆగేది. చెప్పలేదు.

ఏమీ ఎరగనట్టు ఆ ముక్కని మిగతా ముక్కలతో పాటు ఆల్కహాల్‌లోకి, జైలీన్‌లోకి, కరిగిన మైనంలోకి పంపాడు. మర్నాడు మైనం బ్లాకుని మైక్రోటోమ్‌కి బిగించి చక్రం తిప్పాడు. మంచి ముక్కయితే ఉల్లిపొర కన్నా పల్చటి పొరలు ఒకదానికొకటి అంటుకుని రిబ్బన్‌లా సాగుతాయి. ఇది పిండిలా రాలింది. బ్లేడు మార్చాడు. బ్లాకుని ఐసు మీద పెట్టి చల్లబరిచాడు. ఎలాగో ఒక పొరని గోరువెచ్చని నీళ్ల మీద పరిచి స్లైడు మీదికి ఎత్తి, రంగులు వేశాడు. నీలం పట్టాల్సిన చోట పట్టలేదు. అంతా ఒకటే గులాబీ మురికి.

డాక్టర్ ఉదయశ్రీ మైక్రోస్కోపు మీంచి తలెత్తింది. ల్యాబ్ ఆవిడదే.

"ఇందులో చూడ్డానికేముంది హరిలాల్? ఒక్క కణంలోనూ న్యూక్లియస్ లేదు. ఫార్మలిన్ పారబోసి నీళ్లు పట్టుంటారు."

"అవ్ మేడమ్."

"రిపోర్టు కోసం బయటే ఉన్నాడుగా వాడు. మీరూ మీరూ ఒకటే కదా, నీ మాటైతే వింటాడు. గట్టిగా చెప్పి, మళ్లీ ముక్క తీయించుకు రమ్మను."

మీరూ మీరూ ఒకటేనట. హరిలాల్‌ది కారేపల్లి దగ్గర లంబాడీ తండా. దూలయ్య కోయ. ఒకరి భాష ఒకరికి రాదు. ఆ తేడా మేడమ్‌కి అక్కర్లేదు. హరిలాల్‌కి ఆవిడ మీద కోపం రాలేదు. ఆ బయట నిలబడ్డవాడూ తానూ ఒకటి కాదని ఆవిడకి చూపించాలనిపించింది. అసలు రోగం అది.

హాల్లో బెంచీల నిండా జనం. గోడకి ఆనుకుని ఉన్న దూలయ్య ముందుకొచ్చాడు.

"ఏమయ్యా, సీసాల మందు ఏం జేసినవ్?"

"ఏం జెయ్యలే సారూ. మూతనే తియ్యలే."

"తియ్యకుంటే ఎట్ల మురిగింది? మందు వాసన రాంగనే సారా అనుకున్నవా ఏంది? తాగి నీళ్లు వోసినవా?"

బెంచీల మీద నవ్వారు. "గది తాగితే ఈడికెట్లొస్తడు, పైకే పోతడు" అని వెనక నుంచి ఎవరో అంటే ఇంకా నవ్వారు. ఆ నవ్వు హరిలాల్‌కి ఊపునిచ్చింది.

"జంగల్ల మనుషులు గింతే. ఎంత చెప్పినా తలకెక్కదు," అన్నాడు. తన తాత అదే జంగల్లో పశువులు కాసి బతికాడు. ఆ నోటికి అదేమీ అడ్డం రాలేదు.

దూలయ్య తువ్వాలని మడిచాడు, మళ్లీ విప్పాడు.

"బస్సు బాగ కుదిపింది సారూ. ఒళ్లెనే వెట్టుకున్న. కారిందో ఏమో," అన్నాడు. "నాదే తప్పయ్యుంటది."

అని వెళ్లిపోయాడు.

హరిలాల్ చెవిలోంచి ఆ మాట పోలేదు. అన్నం ముందు కూర్చుంటే అదే. మైక్రోటోమ్ చక్రం తిప్పుతుంటే అదే. పాల్వంచకి ఫోన్ చేసి ఎర్రమ్మ మళ్లీ వచ్చిందా అని అడిగాడు. రాలేదన్నారు. మేడమ్‌కి చెప్తే, "రాకపోతే మనమేం చేస్తాం? వాళ్ల ఖర్మ," అంది. గడ్డ మాత్రం ఎవరి కోసమూ ఆగదు. అలాంటి గడ్డలు ఏం చేస్తాయో హరిలాల్‌కి తెలుసు. రోజూ వాటిని కోసి రంగులేసేది అతనే.

ఆదివారం బయల్దేరాడు. ములకలపల్లిలో బస్సు దిగి, అడవి బాటలో నడిచి ఊరు చేరాడు. మొదటి గుడిసె ముందున్న మనిషిని దూలయ్య ఇల్లెక్కడని అడిగాడు. ఆ మనిషి జంపయ్య, ఎర్రమ్మ తమ్ముడే.

"ఎవరూ, సీసా దూలయ్యా? గా బోరింగు కాడ. మందు సీసా గిట్ల తెచ్చినవా? జర పైలం, మా బావ తాగేస్తడు."

పేరు కూడా పెట్టేశారు. ఖమ్మంలో అన్న మాట ఇంత దూరం నడిచొచ్చింది.

ఎర్రమ్మ, దూలయ్య వాకిట్లో తునికాకు కట్టలు కడుతున్నారు. కోసిన వైపు చెయ్యి ఆమెకి పైకి లేవడం లేదు. హరిలాల్‌ని చూడగానే దూలయ్య లేచి నిలబడ్డాడు. ఆ లేవడం చూసి హరిలాల్‌కి వెనక్కి తిరిగి పోదామనిపించింది.

"అక్కా, నేను ఖమ్మం ల్యాబ్ నుంచి. సీసాల జర ఫరక్ వచ్చింది. ఇంకోపాలి ముక్క తీపిస్తే..."

"ఫరక్ ఎవరి దిక్కుకెల్లి వచ్చింది?" అంది ఎర్రమ్మ.

"సీసా దిక్కుకెల్లి."

"సీసాకు చేతులున్నయా?"

హరిలాల్ నేలకేసి చూశాడు. "నేనే అక్కా. మందు కలపలే. ఉట్టి నల్లా నీళ్లు వోసి మూత వెట్టిన."

"గది నీకెప్పుడు ఎరికైంది?"

"మూత తీసిననాడే."

"అంటే గీయన్ని తిట్టే యాళ్లకు ఎరికే."

"ఎరికే."

దూలయ్య కూర్చుని కట్ట కట్టడం మొదలుపెట్టాడు. ఎర్రమ్మ అతనితో కోయ మాటలో ఏదో అంది. అతను తల అడ్డంగా ఊపాడు. ఆమె హరిలాల్ వైపు తిరిగింది.

"నా మొగుణ్ణి నేను గూడ తిట్టిన. తాగినవా అని అడిగిన. అన్నం వెట్టలే ఒకనాడు. ఇప్పుడు మా వాకిట్లకొచ్చి మెల్లగ చెప్పి పోదామనుకున్నవా? యాడ తిట్టినవో ఆడ చెప్పు. గా బెంచీల కాడ. అప్పుడు ముక్క ఇస్త."

"నౌకరి పోతదక్కా."

"నాది పాణం పోతది. నేను ఏడ్సిన్నా నీ ముంగట?"

మర్నాడు ముగ్గురూ ఖమ్మంలో దిగారు. ముక్క ఈసారి ల్యాబ్ పక్క సందులోని దవాఖానాలోనే తీస్తారు. ముందు ల్యాబ్‌కి నడవమంది ఎర్రమ్మ.

హాల్లో ఎప్పటిలాగే జనం. హరిలాల్ వాళ్ల మధ్యలో నిలబడ్డాడు.

"జర అందరు ఇనుండ్రి. ఈయన పేరు దూలయ్య. మొన్న ఈయన సీసాల మందు తాగిండని ఈడనే నేను తిట్టిన. ఈయన మూత గూడ తియ్యలే. మందు కలపంది నేను. నేను చేసింది ఈయన నెత్తికి రుద్దిన."

ఒక ముసలాయన "ఏం మందంట?" అని పక్కావిణ్ణి అడిగాడు. ఒకామె లేచి, "సార్, నా రక్తం రిపోర్టు వచ్చిందా?" అంది. లోపలి తలుపు దగ్గర ఉదయశ్రీ నిలబడి ఉంది.

"హరిలాల్. లోపలికి రా," అంది.

అతను కదలలేదు. దూలయ్య కేసి చూశాడు. ఏదైనా అంటాడేమో, కనీసం తిడతాడేమో అని చూశాడు.

దూలయ్య ఒక్కో బెంచీ కేసి మెల్లగా చూశాడు. "సారూ," అన్నాడు, ఎప్పటి మెత్తటి గొంతుతోనే. "ఆనాడు నవ్వినోళ్లు వీళ్లు కాదు."

ఎర్రమ్మ కూడా బెంచీలు చూసింది. కొంగు భుజం మీదికి లాక్కుంది. "నడువు," అంది మొగుడితో. "నేను ఇస్తనన్న ముక్క నేనిస్త." ఇద్దరూ పక్క సందు వైపు దిగిపోయారు.

మేడమ్ మళ్లీ పిలిచింది. హరిలాల్ అక్కడే నిలబడి ఆ రోజు ఎవరెవరున్నారో తలచుకోబోయాడు. ఒక్క ముఖమూ గుర్తు రాలేదు. ఆ రోజు అతను ఎవరి ముఖమూ చూడలేదు. నవ్వు ఒక్కటే విన్నాడు, అది తియ్యగా ఉండింది.