కదలని ముల్లు

అణువిద్యుత్ ప్లాంటు గేటు దగ్గర ఆమెను అందరూ కొలతలమ్మ అంటారు. నిజానికి ఆమె ప్లాంటు మనిషి కాదు, ప్రభుత్వ తనిఖీ శాఖ మనిషి. పనివాళ్లు వాడి పారేసిన చేతి తొడుగులు, నేల తుడిచిన గుడ్డలు, పాత ఫిల్టర్లు ఇనప డ్రమ్ముల్లో బిగించి, రెండొందల కిలోమీటర్ల అవతల వాటిని పాతిపెట్టే చోటికి లారీలో పంపుతారు. వాటిలో రేడియేషన్ తక్కువే. ఎంత తక్కువో ప్రతి డ్రమ్ము పక్కనా డిటెక్టరు పెట్టి చూసి, డ్రైవరు సీటు మీద కూడా పెట్టి చూసి, అప్పుడు సంతకం చెయ్యడం ఆమె ఉద్యోగం. పన్నెండేళ్లుగా ఆ సంతకం లేకుండా ఒక్క బండీ గేటు దాటలేదు.

ఆ లారీ డ్రైవరు ఆమెకి సొంత బావ, అక్క మొగుడు. ఈ సంగతి ఆమె ఆఫీసుకి ముందే రాసిచ్చింది. ఉన్నది ఇద్దరే డ్రైవర్లు, ఏం చేస్తాం, జాగ్రత్తగా చూసుకోమన్నారు.

ఆ రోజు పొద్దున బావ కంగారుగా ఉన్నాడు. దారిలో వంతెన మరమ్మతుకని పదిన్నర నుంచి రెండు గంటలపాటు మూసేస్తారట.

"మరదలా, త్వరగా కానీ. నువ్వు మొహం చిట్లించుకుని చూస్తే ఆ ముల్లు భయపడి సున్నా దగ్గరే కూర్చుంటుంది" అన్నాడు.

ఆమె నవ్వింది. ఆ నవ్వులోనే ఒక పని మర్చిపోయింది. రోజూ పని మొదలెట్టే ముందు డిటెక్టరుని కొద్దిపాటి రేడియేషన్ ఉన్న ఒక చిన్న పరీక్ష బిళ్ల దగ్గర పెట్టి ముల్లు లేస్తోందో లేదో చూడాలి. ఆ రోజు చూడలేదు. ఇరవై రెండు డ్రమ్ములూ కొలిచింది. అన్నీ తక్కువే. లోడింగ్ మేస్త్రీ వచ్చి పదిహేడో నంబరు డ్రమ్ము ఎక్కడ పెట్టమంటారని అడిగితే, "ఎక్కడైనా పర్లేదు" అంది. అన్నీ ఎక్కించాక సీటు మీదా చూసింది, అక్కడా తక్కువే. సంతకం పెట్టింది. తొమ్మిదిన్నరకి బండి వెళ్లిపోయింది.

పన్నెండున్నరకి రెండో బండి వచ్చింది. ఈసారి తొందరేమీ లేదు. ఆమె తీరిగ్గా బిళ్ల తీసి డిటెక్టరు దగ్గర పెట్టింది.

ముల్లు కదల్లేదు.

బ్యాటరీ మార్చింది. తట్టి చూసింది. బిళ్లని ఇటు తిప్పి అటు తిప్పి పెట్టింది. ముల్లు చచ్చిన పురుగులా అక్కడే ఉంది. పొద్దున రాసిన రిజిస్టరు తెరిచింది. ఇరవై రెండు గళ్లలో ఇంచుమించు ఒకే అంకె. కళ్ల ముందే ఉంది, చూసుకోలేదు. పది రోజుల కిందట ప్లాంటు వాళ్లు కొలిచి పంపిన కాగితం పక్కన పెట్టుకుంది. అందులో పదిహేడో డ్రమ్ముది అన్నిటికన్నా పెద్ద అంకె. లోడింగ్ ఫోటోలో ఆ డ్రమ్ము ముందు వరసలో ఉంది, సరిగ్గా బావ వీపు వెనక.

స్పేర్ డిటెక్టరు బీరువాలో ఉంది, బాగానే పనిచేస్తోంది. పొద్దున అదే తీసుంటే! బావకి ఫోన్ చేసింది. స్విచ్చాఫ్. ఇలాంటి సరుకు తోలేటప్పుడు ఫోను కట్టెయ్యాలన్న నిబంధన ఆయనకి చదివి వినిపించింది తనే.

పై అధికారికి ఫోన్ చేసింది. ఆయన అంతా విన్నాడు.

"ప్లాంటు అంకెలున్నాయి కదమ్మా. ఇంకో మూడు గంటల్లో బండి చేరిపోతుంది. అక్కడ ఎలాగూ కొలుస్తారు."

"అప్పటిదాకా డ్రైవరు సీట్లో ఎంతుందో నాకు తెలీదు సార్."

"ఎక్కువ ఉండకపోవచ్చు."

"ఉండకపోవచ్చు. కానీ నేను చూసి సంతకం పెట్టానని కాగితం మీదుంది. నేను చూడలేదు."

"తప్పు నీ మీదే పడుతుంది, ఆలోచించుకో."

"పడనీండి సార్. బండి ఆపాలి."

ఆయన నిట్టూర్చి, సరే, పోలీసులకి చెప్పే ముందు ఇంకే దారైనా ఉందేమో చూడమన్నాడు. లారీకి మధ్యలో ఆగడానికి ఒకటే అనుమతి ఉంది, జాతీయ రహదారి మీది లారీల యార్డు. అక్కడికి ఫోన్ చేస్తే బండి రాలేదన్నారు. వంతెన దాటి రెండు గంటలైంది, ఇంకా రాలేదు. ఇక మిగిలింది అక్క.

అక్క బట్టలు కుడుతూ ఫోనెత్తింది, మిషను చప్పుడు వినపడుతోంది.

"అక్కా, బావ ఈ టైముకి ఎక్కడుంటాడు?"

"ఎక్కడుంటాడు, రోడ్డు మీద." మిషను ఆగింది. "ఏమైంది?"

"ఏం కాలేదు. ఆయన్ని ఆపాలి. యార్డులో లేడు."

అక్క నీళ్లు నమిలింది. "నాకేం తెలుసే?"

"నీకు తెలుసక్కా. నీ గొంతులో తెలుస్తోంది."

"నన్నడుగుతోంది చెల్లెలా, ఇన్‌స్పెక్టరా? చెబితే ఆయన ఉద్యోగానికి ఎసరొస్తుందా?"

అబద్ధం చెబుదామా అని ఒక్క క్షణం అనిపించింది. చిన్నప్పుడు తనకి జడలేసి బడికి పంపిన అక్క.

"రావచ్చు. నాకూ రావచ్చు. కానీ ఆయన వెనక ఉన్న డ్రమ్ము సంగతి నాకు తెలీడం లేదక్కా. నా కొలిచే మిషను పొద్దున పాడైంది. నేను చూసుకోలేదు."

అక్క గబగబా చెప్పేసింది. వంతెన దాటాక పక్క రోడ్డులో ఒక పెట్రోలు బంకు. దాని వెనక నీడలో బండి పెట్టుకుని, తిని, సీట్లోనే గంటసేపు పడుకుంటాడు. నాలుగు నెలలుగా ఇంతే. బంకు ఫోను నుంచే ఇంటికి మాట్లాడతాడు. నంబరు చెప్పింది. చివర్లో, "ఆ బంకు గోడవతల బడుందే" అని ఫోన్ పెట్టేసింది.

బంకు మనిషి వెళ్లి లేపుకొచ్చాడు. బావ నిద్రమత్తులో, "ఏంటి మరదలా, పెళ్లిచూపులా?" అన్నాడు.

"బావా, నవ్వకు. బండెక్కకు. బండికి యాభై అడుగుల దూరంలో నిలబడు. గోడ దగ్గరికి పిల్లల్ని రానివ్వొద్దని బడికి కబురు చెయ్యి. నేను వస్తున్నా."

ఆయన ఇంకేం అడగలేదు. అలా అడక్కపోవడమే ఆమెని దారి పొడుగునా తినేసింది. జీపు గంటన్నర పరిగెత్తింది. స్పేర్ డిటెక్టరు ఒళ్లో పెట్టుకుని, పది నిమిషాలకోసారి బిళ్ల దగ్గర పెట్టి ముల్లు లేస్తోందా అని చూసుకుంటూ కూర్చుంది. జీపు డ్రైవరు ఆమె వైపు వింతగా చూశాడు.

బావ ఎండలో నిలబడి ఉన్నాడు, చొక్కా తడిసిపోయి. ఇద్దరు టీచర్లు గోడ పక్కన కాపలా ఉన్నారు. ఆమె ముందు గోడ దగ్గర కొలిచింది. మామూలే. ప్రాణం కుదుటపడింది. తర్వాత లారీ ఎక్కి డ్రైవరు సీటు మీద పెట్టింది. సీటు దగ్గర ఇరవై దాటకూడదు. ముల్లు లేచి ముప్పై నాలుగు దగ్గర ఆగింది.

"ఎంత?" అన్నాడు బావ కిందినుంచి.

"ఎక్కువే."

"చస్తానా?"

"లేదు. రెండు మూడు ఎక్స్‌రేలు తీయించుకున్నంత. కానీ ఇది ఉండకూడదు బావా. ఒక్క రోజు కూడా."

ఆయన తల దించుకున్నాడు. "ఈ బంకు సంగతి నీకెవరు చెప్పారు?"

ఆమె డిటెక్టరు పట్టుకుని కిందికి దిగింది. ఆయనకి జవాబు అక్కర్లేకపోయింది. ఒంటికెంత రేడియేషన్ తగిలిందో లెక్క చెప్పే బ్యాడ్జిని చొక్కా నుంచి తీసి ఆమె చేతిలో పెట్టి, వెళ్లి మెట్టు మీద కూర్చున్నాడు. ప్లాంటు నుంచి క్రేను వచ్చి, పదిహేడో డ్రమ్ముని నడిమి వరసకి మార్చి, సీటు దగ్గర మళ్లీ కొలిచేసరికి తొమ్మిది చూపించింది. వేరే డ్రైవరు బండి తీసుకెళ్లాడు.

రిపోర్టులో ఆమె తన తప్పుతోనే మొదలెట్టింది. బంకు సంగతీ రాసింది. ఆ వాక్యం రాయడానికి గంట పట్టింది. ఆమెని ఆరు నెలలు గేటు నుంచి తప్పించి ఫైళ్ల గదిలో వేశారు. బావని దూరపు బండ్లు తోలనివ్వలేదు, ప్లాంటు లోపలి బండి ఇచ్చారు. మూడు వారాలు అక్క ఫోనెత్తలేదు. ఆ మూడు వారాలూ బ్యాడ్జి ఫలితం కోసం ఎదురుచూపే. లెక్క ప్రకారం భయం లేదని ఆమెకి తెలుసు. అయినా తెల్లవారుజామునే మెలకువ వచ్చేసేది, ఆ లెక్కే మళ్లీ మళ్లీ వేసుకునేది.

నాలుగో వారం అక్కే వచ్చింది, చేతిలో కవరు. గుమ్మంలోనే నిలబడింది.

"ఆయన చదివి, బాగానే ఉంది అన్నాడు. నాకు నమ్మకం లేదు. నువ్వు చదువు."

ఆమె చదివింది. అంకె అనుకున్నంతే ఉంది. ఏడాదికి అనుమతించే దాంట్లో చిన్న ముక్క.

అక్క లోపలికొచ్చి కుర్చీలో కూలబడింది. "నేను చెప్పకపోయుంటే ఏం చేసేదానివి?"

"పోలీసులకి ఫోన్ చేసేదాన్ని."

"మీ బావ మీదా?"

"బండి మీద."

అక్క ఆమె వైపు చూసింది. కోపం పూర్తిగా పోలేదు, ఆ చూపులో కనిపిస్తూనే ఉంది. తర్వాత కాగితం మళ్లీ ఆమె వైపు తోసింది.

"ఇంకోసారి చదువు. ఈసారి మెల్లిగా, నాకు అర్థమయ్యేలా."