నమూనా గది

ఊరి నడిబొడ్డున పాత బస్సు డిపో ఉన్నచోట పెద్ద గొయ్యి తవ్వి ఏడాది దాటింది. గొయ్యి చుట్టూ కట్టిన రేకుల మీద రాబోయే భవనం బొమ్మలు వేశారు. కింద దుకాణాలు, వాటి మీద ఆఫీసులు, వాటి మీద కాపురాలుండే ఫ్లాట్లు, అన్నిటి నెత్తినా మబ్బుల్ని రాసుకుంటూ ఒక ఖరీదైన హోటలు. బొమ్మలో ఎప్పుడూ సాయంకాలమే, అందరూ నవ్వుతూనే ఉంటారు. అసలు గొయ్యిలో మాత్రం వాననీళ్ళు నిలిచి కప్పలు కాపురం పెట్టాయి.

హోటలింకా పునాదులు దాటకపోయినా అందులో గది ఒకటి అప్పుడే తయారైపోయింది. గొయ్యికి నాలుగు వీధుల అవతల, ఒక పాత గోదాములో ఉందది. వందల గదులు కట్టేశాక దీపం ఇక్కడ కళ్ళలో పడుతోంది, తలుపు అక్కడ తగులుతోంది అనుకుంటే ఏం లాభం? అందుకని ముందుగా ఒక్క గదిని అచ్చంగా కట్టి చూసుకుంటారు. యజమానులు వచ్చి, చూసి, సరేనన్నాక దాన్ని విరిచేస్తారు. అందాకా రోజూ ఆ గది తుడిచి, పక్క సర్ది, ఇదిగో అతిథి మెట్లెక్కి వస్తున్నాడన్నట్టు ఉంచడం ఒకామె పని.

ఆమెను అక్కడ అందరూ దుప్పటక్క అంటారు. పేరు పెట్టింది వడ్రంగి మేస్త్రీ. అతని నోరు ఊరికే ఉండదు. ఎవరైనా కొలతలు తీసుకుంటూ మంచం అంచున కూర్చున్నారా, వాళ్ళు లేచేదాకా ఆమె అక్కడే నిలబడి, లేవగానే ముడత లాగి సరిచేసేది.

"ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. హోటలు లేదు గానీ మా అక్క పక్క మాత్రం పరిచేసింది" అనేవాడు మేస్త్రీ.

"నీ మేకులు నువ్వు కొట్టుకోవయ్యా. నా దుప్పటి జోలికి రాకు."

"నీ దుప్పటి మీద చెయ్యి వేసేంత ధైర్యం నాకెక్కడిదక్కా, పెళ్ళాం ఉన్నవాణ్ణి."

పైన పటారం, లోన లొటారం అంటారు. ఈ గది అందుకు తలకిందులు. బయటినుంచి చూస్తే ఒట్టి ప్లైవుడ్ పెట్టె, సుద్దముక్క గీతలు, పడిపోకుండా ఆనించిన కర్రలు. తలుపు తీసి లోపలికి అడుగు పెడితే పాదం తివాచీలో మెత్తగా దిగిపోతుంది. రాజులు పడుకునేంత మంచం. గోడంత కిటికీ. ఆ కిటికీకి అవతల గోదాము గోడే ఉంది గానీ, మధ్యలో పెద్ద గుడ్డ మీద అచ్చేసిన ఊరు వేలాడదీసి, వెనక దీపాలు పెట్టారు. పద్దెనిమిదో అంతస్తు నుంచి చూస్తే ఊరు అలా ఉంటుందట. స్నానాల గదిలో పాలరాయి, వెండిలా మెరిసే కుళాయిలు. నీళ్ళు రావు. మంచం పక్కన ఫోనుకు తీగ లేదు. పైకప్పు ఎలా ఉండాలో ఇంకా తేలక దాన్ని విప్పి పక్కన పెట్టారు. గోడలకు చెవులుంటాయంటారు, ఈ గోడలకు అసలు నెత్తే లేదు. పైన గోదాము రేకులు, వాటి కింద దూలాల మీద పావురాలు. వాటిని తోలడానికి ఆమె తలుపు వెనక ఒక పొడుగాటి కర్ర దాచుకుంది.

ఆమె ఉండేది ఆడవాళ్ళ హాస్టల్లో. ఒక గదిలో ఆరు మంచాలు. ఆమెది తలుపు పక్కది. ఎవరు వచ్చినా, ఎవరు వెళ్ళినా ముందు ఆమె మొహాన గాలి కొడుతుంది. చుట్టాలెవరైనా వస్తే లోపలికి రానివ్వరు. గేటు దగ్గర చెప్పులు విడిచేచోట ఒక బెంచీ ఉంది, అక్కడే కూర్చుని మాట్లాడుకోవాలి. ఆ బెంచీ మీద ఆమె కోసం ఎవరూ వచ్చి కూర్చున్నది లేదు.

ఆమెకొక కూతురు ఉంది. మొగుడు పోయేనాటికి పిల్లకు ఇంకా మాటలు రాలేదు. లాడ్జీల్లో గదులు సర్దే పని దొరికింది. అక్కడే తిండి, అక్కడే పడక, పిల్లల్ని మాత్రం ఒప్పుకోరు. పిల్లను మేనత్త తీసుకెళ్ళి సాకింది, బాగానే సాకింది. ఆ అమ్మాయి మేనత్తను ఏకవచనంలో పిలిచి పోట్లాడుతుంది, తల్లిని మాత్రం 'మీరు' అంటుంది. ఎవరూ నేర్పలేదు, అలా అలవాటైపోయింది.

కిందటి వారం ఆ పిల్లే ఫోన్ చేసింది. "అమ్మా, నాకు మీ ఊళ్ళోనే ఉద్యోగం వచ్చింది. కళ్ళజోళ్ళ దుకాణంలో. ఇద్దరు ఫ్రెండ్స్ ఇల్లు చూశారు, నన్నూ కలవమంటున్నారు. వాళ్ళకింకా ఏం చెప్పలేదు. ముందు మిమ్మల్ని అడుగుదామని."

"నన్నేం అడుగుతావ్?"

"మీ దగ్గర వీలవుతుందా అని."

ఇన్నేళ్ళుగా ఆ ఒక్క మాట కోసమే బతికిందని ఆమెకు ఆ క్షణందాకా తెలియదు. "వీలవకపోవడమేంటి తల్లీ. నాకు హోటలు వాళ్ళు గదిచ్చారు" అంది. ఆ మాట ఎక్కడినుంచి ఊడిపడిందో. అవతల అమ్మాయి గొంతు తేలికపడింది. "అయితే ఆదివారం వచ్చి చూస్తా."

ఆదివారంలోగా ఎక్కడైనా ఒక అద్దెగది వెతుక్కోవచ్చు. వెతకలేదు. అతిథి వచ్చే వేళకు గది సిద్ధంగా ఉండాలన్నది ఒక్కటే ఆమె జీవితంలో నేర్చిన విద్య. ఉన్న గదినే సిద్ధం చేసింది. మనిషి ఉంటున్నట్టు కనబడాలని స్నానాల గది అరలో కొత్త దువ్వెన ఒకటి పెట్టింది. మంచం కింద తన చెప్పుల జత, కుర్చీ వీపు మీద శాలువా. పెట్టాక దూరంగా నిలబడి చూసుకుంది. దేశాలు తిరిగే ధనవంతురాలెవరో కాసేపు బయటికి వెళ్ళినట్టుంది.

అమ్మాయి బస్సు దిగేసరికి పొద్దెక్కింది. చేతిలో పెద్ద సంచి, ఒక్క పూటకు వచ్చిన మనిషి సంచిలా లేదు. తల్లి అందుకోబోతే "బరువమ్మా, వద్దు" అని తనే మోసింది. దారంతా ఒకళ్ళ పక్కన ఒకళ్ళు నడిచారు గానీ, భుజాలు తగిలినప్పుడల్లా ఇద్దరూ కాస్త జరిగారు.

గోదాము ముందు అమ్మాయి ఆగిపోయింది. "ఇక్కడా?"

"లోపలికి రా, నీకే తెలుస్తుంది."

తలుపు తీసి, దీపాలు వేసింది. కిటికీలో ఊరు వెలిగింది. అమ్మాయి చెప్పులు విడిచి, తివాచీ మీద నాలుగడుగులు వేసి, నవ్వడం మొదలుపెట్టింది. చిన్నప్పుడెప్పుడో విన్న నవ్వు. మంచం మీద కూలబడి రెండుసార్లు ఎగిరింది. దుప్పటి ముడతలు పడింది. ఆమె చెయ్యి దానంతటదే ముందుకు కదిలింది, వెనక్కి లాక్కుని చేతులు వెనక కట్టుకుంది.

"నిజంగా ఇక్కడే ఉంటారా?"

"ఆ. నమూనా గది కదా. ఎవరూ ఉండకపోతే పాడైపోతుందని నన్ను ఉండమన్నారు. రాత్రిళ్ళు కాపలా ఉన్నట్టూ ఉంటుంది."

అబద్ధానికి కాళ్ళుండవంటారు గానీ ఆమె అబద్ధం అప్పటికే నడక నేర్చింది.

అత్త కట్టిచ్చిన అన్నం డబ్బా విప్పి ఇద్దరూ తివాచీ మీద కాగితాలు పరుచుకుని తిన్నారు. అమ్మాయి కళ్ళజోళ్ళ దుకాణం సంగతులు చెప్పింది. ఉద్యోగం చూసుకోవడానికి వెళ్ళిన రోజు యజమాని తన కళ్ళజోడు తనే పోగొట్టుకుని దుకాణమంతా వెతికించాడట. "చివరికి చూస్తే నెత్తి మీదే ఉంది. చెప్పాలా వద్దా అని ఆలోచించా. ఉద్యోగం వచ్చాక చెప్దామనుకున్నా."

"చెప్పావా?"

"ఇంకా లేదు."

ఇద్దరూ నవ్వారు. దూలం మీద పావురం ఒకటి ఉలిక్కిపడి లేచింది. అమ్మాయి తలెత్తి చూసింది.

తిన్నాక అమ్మాయి చెయ్యి కాగితానికి తుడుచుకుని సంచి జిప్పు లాగింది. పైన మడతపెట్టిన బట్టలు, కింద పాత బట్టలో చుట్టిన చిన్న కుక్కరు, రెండు పళ్ళాలు, రెండు గ్లాసులు. "అత్త పంపింది. ఇద్దరికే కదా, పెద్దది ఎందుకూ అంది. పొద్దున్నే ఆ ఫ్రెండ్స్‌కి ఫోన్ చేసి చెప్పేశానమ్మా, ఇంట్లో నన్ను లెక్కెయ్యొద్దని." కుక్కరు రెండు చేతులతో పట్టుకుని గదంతా చూసింది. "దీన్నెక్కడ పెట్టమంటారు?"

పాలరాతి బల్ల ఉంది. రాత బల్ల ఉంది. కాళ్ళు చాపుకోవడానికి పట్టుబట్ట వేసిన పీట ఉంది. కుక్కరు పెట్టే చోటు ఒక్కటీ లేదు.

"ఇప్పటికి కింద పెట్టు" అంది ఆమె.

"స్టవ్ ఎక్కడుంది?"

"స్టవ్... ఇక్కడ వెలిగించనివ్వరు."

"మరి మీరేం తింటారు?"

జవాబు వచ్చేలోగా అమ్మాయి చేతులు కడుక్కోవడానికి స్నానాల గదిలోకి వెళ్ళింది. కుళాయి తిప్పిన చప్పుడు, మళ్ళీ తిప్పిన చప్పుడు. తర్వాత ఆ గదిలోనే ఉన్న బట్టల అల్మారా తలుపు తీసినట్టు వినిపించింది. అందులో ఖాళీ హ్యాంగర్లు తప్ప ఏమీ లేవని ఆమెకు తెలుసు.

అమ్మాయి బయటికి వచ్చినప్పుడు చేతిలో దువ్వెన ఉంది. "దీనికి ధర చీటీ కూడా తియ్యలేదు మీరు."

ఆమె కుర్చీ మీద శాలువా మడత సరిచేసింది.

"ఎక్కడుంటున్నారమ్మా?"

"హాస్టల్లో. ఆరుగురం. నిన్ను లోపలికి రానివ్వరు, గేటు దగ్గర బెంచీ మీదే కూర్చోవాలి."

"ఆ మాట ఫోన్లో చెప్తే ఏం పోయేది?"

"చెప్తే వచ్చేదానివా?"

"బెంచీ మీద కూర్చునైనా మాట్లాడేదాన్ని." అమ్మాయి గొంతు పెరగలేదు. అదే ఆమెకు కష్టంగా అనిపించింది, మేనత్త దగ్గరైతే అరిచి ఉండేది. "చిన్నప్పుడు వచ్చినప్పుడల్లా లాడ్జి సబ్బులు తెచ్చేవారు, గుర్తుందా? చిన్న చిన్న సబ్బులు, కాగితం చెప్పులు, ఎవరిదో పేరున్న పెన్నులు. నేను వాడకుండా వరసగా పేర్చుకునేదాన్ని. అత్త తిట్టేది, వాడవే అని. నాకేమో మీవి ఏవైనా ఒకటి కావాలనిపించేది. మీరు కట్టి మాసిన బట్టైనా సరే. మీరు నాకు చూపించినవన్నీ వేరేవాళ్ళవేనమ్మా."

అమ్మాయి ఫోను తీసుకుని గోదాములోకి వెళ్ళింది. మాటలు వినబడకూడదని తలుపు కూడా మెల్లగా వేసింది. కానీ నెత్తి లేని గది అది, ప్రతి మాటా పైనుంచి వచ్చి లోపల పడింది.

"ఏమే, ఆ మూడో మంచం ఎవరికైనా ఇచ్చేశారా?... హమ్మయ్య. అయితే నేనే వస్తా... లేదే, ఇక్కడ కుదరదు. అమ్మకి గది లేదు... కోపమేం లేదు. పాపం, ఆవిడకి మాత్రం ఎవరున్నారు..."

ఆ 'పాపం' దగ్గర ఆమె పీట మీద కూర్చుండిపోయింది. తిట్టినా ఓర్చుకునేది.

అమ్మాయి తిరిగొచ్చి కుక్కరును మళ్ళీ పాత బట్టలో చుట్టింది. పళ్ళాలు, గ్లాసులు, బట్టలు ఒక్కొక్కటే సంచిలోకి వెళ్ళాయి. ఆమె చూస్తూ కూర్చుంది. ఎందరో అతిథులు సామాను సర్దుకోవడం చూసిన మనిషి. తలుపు దాటేదాకా నవ్వుమొహంతో నిలబడాలి, అదీ పద్ధతి. ఈసారి మొహం మాట వినలేదు.

"మనిద్దరం ఒక గది చూసుకుందాం" అంది. "రేపే చూస్తా. నిజం గది. నీకు దుకాణానికి దగ్గరలో."

అమ్మాయి జిప్పు లాగుతూ ఆగింది. "మీరు నాకోసం చూస్తే మళ్ళీ ఇలాంటిదే చూస్తారు. ముందు మీకోసం ఒకటి చూసుకోండి. సామాన్లు కొనుక్కోండి, వండుకు తినండి. అప్పుడు పిలవండి, వస్తా."

"ఉండటానికా?"

"ముందైతే చూడటానికి" అంది అమ్మాయి. తల్లి భుజం మీద చెయ్యి వేసి తీసింది. "బస్టాండుదాకా రావద్దమ్మా. దారి గుర్తుంది."

ఆమె గోదాము గుమ్మం దాకా వెళ్ళింది. సంచి బరువుకు అమ్మాయి ఒక పక్కకు ఒరిగి నడుస్తోంది. వీధి మలుపు దగ్గర చెయ్యి మార్చుకుంది, వెనక్కి చూడలేదు. చూస్తుందేమోనని ఈమె చెయ్యెత్తి ఉంచింది, మలుపులోంచి సైకిలొకటి వచ్చి పక్కనుంచి పోయాక దించింది.

మర్నాడు యజమానులు వస్తున్నారు. ఆమె లోపలికి వచ్చి తివాచీ మీద కాగితాలు ఏరింది. మెతుకులు తీసింది. చెప్పులు, శాలువా, దువ్వెన సంచిలో పెట్టుకుంది. చివరికి మంచం దగ్గరికి వచ్చింది. అమ్మాయి ఎగిరినచోట దుప్పటి గుండ్రంగా అణిగి, చుట్టూ ముడతలు పడి ఉంది. చాలాసేపు చూసింది. ఆ తర్వాత దుప్పటి ఒక్క ఊపున లాగి, దులిపి, మళ్ళీ పరిచి, మూలలు మడిచి లోపలికి దోపింది. అరచేతితో ఒక చివరినుంచి రెండో చివరిదాకా నిమిరింది. అక్కడ ఎవరూ ఎప్పుడూ కూర్చోలేదు.

అల్మారా బందు బిగించడానికి మేస్త్రీ వచ్చేసరికి ఆమె దీపాలు ఆర్పుతోంది. కూతురు వస్తోందని అతనికి చెప్పే ఉంచింది. గదినీ ఆమెనూ మార్చి మార్చి చూశాడు. ఎప్పుడూ జోకు లేకుండా నోరు తెరవని మనిషి, "అమ్మాయి వెళ్ళిపోయిందా అక్కా?" అని మాత్రం అడిగాడు.

"వెళ్ళింది." తలుపు పట్టుకుని నిలబడి, "నీకు తెలిసి అద్దెకు గదులేమైనా ఉన్నాయా?" అంది.

"గదులకేం, మా వీధిలోనే ఒకటి ఖాళీ అయింది. మేడ మీద. చిన్నదే గానీ వంటకి వేరే చోటుంది. ఇంటివాళ్ళు ముందే అడుగుతారు, ఎంతమంది ఉంటారని. ఏం చెప్పమంటావ్?"

ఇద్దరమని నోటిదాకా వచ్చింది. ఆ మాట పలకడానికి పెదాలు కదిపింది కూడా.

"ఒక్కదాన్నే" అంది. "ఒక్కదాన్నేనని చెప్పు."