నివి బేకరీకి నజ్మా ఎండ

సునంద రోజూ పొద్దున ఏడింటికి దోహాలోని నజ్మా పేటలో తన రూము నుంచి రెండు గల్లీలు దాటి ఆఫీసుకి నడిచి వెళ్తుంది. కింద డబ్బు పంపే ఎక్స్‌ఛేంజ్, పైన మూడో అంతస్తులో ఆఫీసు. బ్యాగు సొరుగులో పడేసి, హెడ్‌సెట్ తుడుచుకుని, దాని కింద స్టీలు ట్రే సర్దుకుని, అప్పుడు లాగిన్ అవుతుంది. ట్రే లేకపోతే టేబుల్ నాశనమే. ఆ ఆఫీసుకి ఫోన్లు చేసేవాళ్ళంతా మంచు ఊళ్ళవాళ్ళు. వాళ్ళు మాట్లాడుతుంటే అక్కడి వాతావరణం కూడా లైన్లో వచ్చేస్తుంది. అక్కడ మంచు కురుస్తుంటే ఇక్కడ హెడ్‌సెట్లోంచి మంచు రాలుతుంది. గాలి వీస్తుంటే కాగితాలు ఎగురుతాయి. మొదట్లో రెండు కీబోర్డులు తడిసి పాడయ్యాయి. కంపెనీ మనిషికో ట్రే ఇచ్చి సంతకం పెట్టించుకుంది. అంతటితో ఆ సంగతి ముగిసింది.

భూమికి ఆ కొసన, రోడ్డు కూడా లేని ఊళ్ళలో చిన్న దుకాణాలు నడుపుకునేవాళ్ళకి సామాన్లిచ్చి నిలబెట్టే పథకం ఒకటుంది. పథకం ఎక్కడిదో, ఫారం రాసిందెవరో సునందకి తెలియదు. ఫోన్లు ఎత్తి, ఆ ఫారం నింపించే పని మాత్రం ఈ ఆఫీసుకొచ్చింది. ఒక్కో ఫోను ఆరు నిమిషాల్లో తెమలాలి. ఏడో నిమిషంలో తెర మీద గడియారం ఎర్రగా మారుతుంది. రోడ్డు పేరు రాయమంటుంది ఫారం. రోడ్డే లేదు మొర్రో అంటే, ఈ గడి ఖాళీగా వదలరాదు అంటుంది. అలాంటి ఫారంతో ఆరు నిమిషాలట!

నివి మొదటిసారి ఫోన్ చేసింది అక్టోబరులో. అరవై మూడు మంది ఉన్న ఊళ్ళో ఆమెది ఒకటే బేకరీ. ఓవెన్ కాలిపోయింది. పథకం కింద కొత్త ఓవెన్ వస్తుంది, హెలికాప్టర్లో పంపుతారు, కాకపోతే డిసెంబరు పదిహేను మధ్యాహ్నం మూడింటిలోపు, దోహా టైము ప్రకారం, ఫారం పూర్తవ్వాలి. లేకపోతే మళ్ళీ ఏడాది. ఏడాది ఆగే ఓపిక నివికి లేదు. బేకరీ మూసి, ముసలి తల్లిని తీసుకుని పట్నం పోయి ఏ చేపల ఫ్యాక్టరీలోనో చేరాలి. ఈ ముక్క ఆమె ఏడవకుండా చెప్పింది. ఏడ్చినా బాగుండేదనిపించింది సునందకి.

సునందకి ఆ కష్టం తెలుసు. మెట్‌పల్లిలో ఆమె సకినాలు, గారెలు చేసి అమ్మేది. పొయ్యి, పెద్ద మూకుడు కోసం ఏదో పథకానికి పెట్టుకుంటే, దుకాణం ముందు పదడుగుల రోడ్డు ఫోటోలో కనపడాలన్నారు. ఆమె గల్లీ ఆరడుగులు. గల్లీని వెడల్పు చేయలేక దుకాణమే మూసి ఖతర్ వచ్చింది. అమ్మ ఇప్పటికీ చుట్టాలకి "దుబాయ్‌ల ఉంది బిడ్డ" అనే చెబుతుంది.

నివి ఫారంలో అన్ని గడులూ నిండాయి, ఒక్కటి తప్ప. "దుకాణం ముఖద్వారం ఫోటో, పగటి వెలుగులో తీసినది. దీపాలు చెల్లవు." గడువుకి ముందు ముప్పై రోజుల్లో తీసిందే కావాలట. ఆ ఊళ్ళో సూర్యుడు నవంబరులో దిగిపోతే మళ్ళీ జనవరి దాకా పైకి రాడు. ఆమె మేఘం లేని మధ్యాహ్నం చూసి తీసి పంపింది. తిరిగొచ్చింది. ఊళ్ళోవాళ్ళ మంచుబండ్లు ఎనిమిదింటిని వరసగా నిలబెట్టి హెడ్‌లైట్లు వేయించి తీసింది. తిరిగొచ్చింది. వెన్నెల్లో తీసింది, ఆకాశంలో ఆకుపచ్చ వెలుగులు ఆడుతుంటే తీసింది. పదకొండు ఫోటోలు, పదకొండుసార్లూ ఒకటే జవాబు: పగలు కాదు.

"ఈ ఫారం రాసినోడు చీకటి అనేదే చూడలేదా అన్నా?" అంది సునంద, ట్రే నీళ్ళు పారబోయడానికొచ్చిన రాజేందర్‌తో.

రాజేందర్ ప్యాంట్రీ చూసుకునే పెద్దాయన. ఆర్మూర్ మనిషి, పదిహేనేళ్ళు సైట్ల మీద రాడ్లు వంచి, నడుము పట్టేశాక ఈ డ్యూటీకొచ్చాడు. ఏప్రిల్ ఎండల్లో ట్రేల మంచు డబ్బాకెత్తి, ఊరి చివర ఏషియన్ టౌన్ అవతలున్న కూలీల క్యాంపుకి పట్టుకుపోయి రూమ్మేట్ల తలలకి రుద్దేవాడు.

"ఏసీ రూముల కూసున్నోనికి ఎండ తెల్వది, చీకటి తెల్వది చెల్లె," అన్నాడు. "చాయ్ తాగు. పొద్దుగాల నుంచి నోట్ల ఏం పడలే నీకు."

సూపర్‌వైజర్ వరుణ్ కాకినాడవాడు. సునంద నాలుగుసార్లు ఆయన దగ్గరికెళ్ళింది.

"నేనేం చేయను సునంద గారూ? సిస్టమ్ ఒప్పుకోవట్లేదు."

"సూర్యుడే రాడు సార్ అక్కడ."

"అది రిమార్క్స్‌లో రాయండి."

"రాసిన సార్. రిమార్క్స్ ఎవరు చదువుతరు?"

"ఎవరూ చదవరనుకోండి," అని ఒప్పేసుకున్నాడు వరుణ్. "అయినా రాయాలి. మీ ఫోన్లు ఇరవై, ముప్ఫై నిమిషాలు వెళ్తున్నాయి. ఇప్పటికే ఒక మెమో ఉంది మీ మీద. ఇంకోటి నాచేత ఇప్పించకండి."

మనిషి చెడ్డవాడు కాదు. అదే ఇంకా ఒళ్ళు మండించింది సునందకి. చెడ్డవాడైతే తిట్టుకోనైనా తిట్టుకోవచ్చు.

డిసెంబరు పదిహేను వచ్చింది. ఒంటిగంటా నలభైకి నివి ఫోన్ చేసింది. అక్కడ ఇంకా పొద్దున్నే. ట్రేలో మంచు సన్నగా రాలుతోంది.

"సునందా, ఇంక వదిలేద్దాం. నువ్వు చాలా చేశావు."

"ఏం చేశాను? పదకొండుసార్లు కాదని చెప్పడం తప్ప ఏం చేశాను?"

నివి చిన్నగా నవ్వింది. "అన్నట్టు పోయినవారం మీ దగ్గర గాలిదుమారం లేచిందా? నీతో మాట్లాడి ఫోన్ పెట్టాక చూస్తే నా పిండి నిండా ఇసుక. పొయ్యి మీద నాలుగు రొట్టెలు కాల్చుకుందామనుకున్నా. జల్లెడ పట్టలేక చచ్చాను."

సునంద చాయ్ కప్పు పక్కన పెట్టేసింది. ఇసుక అక్కడికి పోయింది. ఇక్కడి దుమ్ము అంత దూరం పోయి ఆమె పిండిలో పడింది. ఇన్నాళ్ళూ వచ్చేదే తుడుచుకుంటూ కూర్చుంది తప్ప, ఇక్కణ్ణుంచి పోయేదేమిటని ఒక్కసారైనా ఆలోచించలేదు. తన మొద్దుబుర్రని తనే తిట్టుకుంది.

"నివీ, ఫోన్ పెట్టకు. ఫోన్ పట్టుకుని బయటికి నడువు. వీడియో పెట్టి, మీ బేకరీ ఎదురుగా నిలబడు."

ల్యాప్‌టాప్ టేబుల్ దాటరాదని గోడ మీద పెద్దక్షరాల్లో రాసి ఉంది. సునంద దాన్ని చంకలో పెట్టుకుంది. "రాజేందరన్నా, యల్లా, నడువు! స్టోర్‌లో పొడుగు నెట్ వైరుంది కదా, పట్టుకొని టెర్రస్ మీదికి రా."

ఎందుకని రాజేందర్ అడగలేదు. వైరు చుట్ట భుజానికేసుకుని, నడుము పట్టుకుని, మెట్లెక్కాడు.

టెర్రస్ మీద నీళ్ళ ట్యాంకులు, డిష్షులు, తీగల మీద ఎవరివో బట్టలు. డిసెంబరైనా ఎండ చుర్రుమంటోంది. సునంద వైరు తగిలించి, హెడ్‌సెట్ తీసి, చెవి వైపు సూర్యుడికి తిప్పి రెండు చేతులా పైకెత్తి పట్టుకుంది.

మొదట ట్యాంకుల మీద మెరుపు పోయింది. తర్వాత బట్టల మీద వెలుగు పోయింది. కింద వీధిలో టాక్సీలు, బడ్డీలు ఎండలోనే ఉన్నాయి. టెర్రస్, దాన్ని ఆనుకున్న పక్క టెర్రస్ అంచు మాత్రం చీకటయ్యి, చలి మొదలయ్యింది. తీగ మీద తడి చొక్కా అట్టలా బిగుసుకుంది.

పక్క బిల్డింగులో ఉండే నిజామాబాద్ ఆమె ఖమర్ సుల్తానా తన టెర్రస్ నుంచి కేకేసింది. "ఏందమ్మా ఇది, ధూప్ అంతా మీరే గుంజుకుంటున్నరు! ఎండ లేకుంట నా దుప్పట్లు ఎట్ల ఆరాలె?"

"మాఫ్ చెయ్యి అక్కా, జరసేపు!" అన్నాడు రాజేందర్.

తెర మీద నివి కనపడింది. ఆమె వెనక బేకరీ. ఎర్ర తలుపు. ఎర్రదని సునందకి అప్పుడే తెలిసింది. మంచు మీద పచ్చటి ఎండ, చూరు నుంచి బొట్లు బొట్లుగా కారుతున్న నీళ్ళు. ఇళ్ళల్లోంచి మనుషులు ఒక్కొక్కరే వచ్చి ఆ వెలుగులో నిలబడుతున్నారు. నివి తల్లి టోపీ తీసి, మొహం పైకెత్తి, కళ్ళు మూసుకుంది.

"ఫోటో తియ్ నివీ, ఫోటో!"

రెండూ ఇరవైకి ఫోటో వెళ్ళింది. రెండూ ఇరవై ఒకటికి జవాబొచ్చింది. "ఈ తేదీన ఆ ఊళ్ళో సూర్యోదయం లేదు. ఫోటో నమ్మదగినది కాదు."

సునందకి కోపమొస్తే తెలుగే వస్తుంది. "నీ ఫారం పాడుగాను! సూర్యుడు రాడని నీకు ముందే ఎరుకనా? ఎరుకైతే రెండు నెలల సంది పగటి ఫోటో ఎందుకడిగినవ్? మనుషులతోని ఆటలాడుతున్నవా?"

చేతులు లాగుతున్నాయి. అయినా హెడ్‌సెట్ దించలేదు.

మెట్ల తలుపు తెరుచుకుని వరుణ్ వచ్చాడు. చీకట్లోకి ఒకడుగు వేసి, చలికి చేతులు కట్టుకున్నాడు. "నలభై నిమిషాల ఫోన్ ఏంటండీ? సీటు ఖాళీ! ల్యాప్‌టాప్ టెర్రస్ మీదా!"

"సూపర్‌వైజర్ స్వయంగా చూసి ఒప్పుకోవచ్చని ఒక గడి ఉంది సార్. మీ పేరు మీదనే ఉంది."

"ఆ గడి ఎవరూ వాడరు. వాడితే నన్ను పైనుంచి సవాలక్ష అడుగుతారు."

"ఎవరూ వాడకుంటే ఎందుకు పెట్టిండ్రు సార్? జర చూడుండ్రి. అంతే. చూడుండ్రి."

"చూడు సార్," అన్నాడు రాజేందర్ కూడా. ఆ ఆఫీసులో ఆయన సూపర్‌వైజర్‌కి ఒక మాట చెప్పడం అదే మొదలు.

వరుణ్ వంగి తెరలోకి చూశాడు. ముసలామె ఇంకా అలాగే నిలబడి ఉంది. తర్వాత నేల మీద కూర్చుని, ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని, తన పాస్‌వర్డ్ కొట్టాడు. గడి తెరుచుకుంది. అందులో ఇంకో ప్రశ్న: ఫోటోలో వెలుగు ఎక్కడిది?

"ఏం రాయనండీ?" అన్నాడు. పళ్ళు టకటకలాడుతున్నాయి.

"ఉన్నదే రాయుండ్రి సార్."

వరుణ్ ఒక వేలితో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ రాశాడు. ఎండ మాది. మా టెర్రస్ నుంచి పంపాం. స్వయంగా చూశాను. కింద పేరు, ఉద్యోగి నంబరు.

రెండూ యాభై మూడుకి ఫారం ఒప్పుకుని ఆకుపచ్చగా మారింది. సునంద చేతులు దించింది. ఎండ మళ్ళీ టెర్రస్ మీదికొచ్చింది. ఖమర్ సుల్తానా దుప్పట్లు తిరగేసుకుంది.

మర్నాడు సునందకి రెండో మెమో వచ్చింది, ఆఫీసు సామాను బయటికి తీసుకెళ్ళినందుకు. ఇచ్చింది వరుణే. అతనికీ పైనుంచి ఒక మెమో వచ్చింది. ఎండ లెక్క చెప్పమన్నారు. ఫారం మాత్రం మారలేదు. ఇంకో ఊళ్ళో చెప్పులు కుట్టే ముసలాయన్ని అది ఇప్పటికీ పగటి ఫోటో అడుగుతూనే ఉంది. సునంద వైరు చుట్టని స్టోర్‌కి తిరిగివ్వలేదు, తన టేబుల్ కిందే పెట్టుకుంది.

జనవరి మొదట్లో నివి ఫోన్ చేసింది.

"చెప్పు నివీ. ఏం కావాలి?"

"ఏమీ వద్దు. ఓవెన్ వచ్చింది. ఊరికే చేశా. మా బేకరీ ముందు ఆ రోజు ఎండ పడ్డ నాలుగడుగులు మళ్ళీ గడ్డకట్టలేదు. రొట్టెల కోసం వచ్చినవాళ్ళు అక్కడే నిలబడుతున్నారు. పొమ్మన్నా పోవట్లేదు. అమ్మయితే అక్కడ కుర్చీ వేసుకుంది."

ఏడో నిమిషం దాటింది. గడియారం ఎర్రగా మారింది. సునంద దాని మీద ఒక కాగితం అడ్డం పెట్టి మాట్లాడింది.

రాజేందర్ తుడుపుగుడ్డ పట్టుకుని వచ్చాడు. ట్రేలో మంచు లేదు. వేలు పెట్టి చూశాడు. వెచ్చగా ఉంది, వేలికి తెల్లగా పిండి అంటింది.

"ఇగ దీన్ని కూడా తుడవాల్నా చెల్లె?"

"ఉండనీ అన్నా," అంది సునంద.